శుక్రవారం బర్త్‌డేలు

30 ఆగస్టు 2024, శుక్రవారం

మార్చి తర్వాత ఇవాళే మళ్లీ పెన్ను పట్టాను. సౌదీలోని ఈ జుబైల్‌లో తెలుగు చదివేవాళ్లకు కొదవ లేదు గానీ నా బీరువాలో చేయి పెట్టేవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ వాట్సాప్ తప్ప ఏమీ చదవడు. కాబట్టి భయం లేదు.

ఈ వారం బర్త్‌డే నా మలయాళీ స్నేహితురాలు మిని వాళ్ల నాన్నది. ఆయన కొట్టాయంలో పోయి రెండేళ్లయింది. కేకు మీద "హ్యాపీ బర్త్‌డే వర్గీస్" అని రాయించి నేనే మోసుకెళ్లాను. ఆ విల్లాలో మేమంతా చేరినప్పుడు ఎవరైనా తలుపు కొడితే టేబుల్ మీద కేకు కనబడాలి. ఉత్త కేకు అయితే నమ్మరని దాని మీద ఒక పేరు. ఆ వారం పూజ ఎవరి ఆత్మ కోసమో వాళ్ల పేరే రాయిస్తాం. అట్లా ప్రతి శుక్రవారం పోయినవాళ్లకు బర్త్‌డే చేస్తున్నాం. మొదటిసారి విన్నప్పుడు పడీ పడీ నవ్వాను. ఇప్పుడు కేకు ఆర్డర్ చేసే డ్యూటీ నాదే.

ఒక్కసారి రాస్తాను, మళ్లీ రాయను. కొలమ్ గారు ఐర్లండ్ నుంచి వచ్చిన కథోలిక గురువు. వీసా మీద మాత్రం లాంగ్వేజ్ ఇన్‌స్ట్రక్టర్. ట్రైనింగ్ సెంటర్‌లో సౌదీ కుర్రాళ్లకు ఇంగ్లిష్ చెబుతారు, ఈ దేశంలో మా పూజకు అనుమతి లేదు కాబట్టి శుక్రవారం పొద్దున తన విల్లాలో కర్టెన్లు వేసి మాకు పూజ చెబుతారు. ఫాదర్ అని ఎవరమూ అనం. ఫిలిప్పీన్స్ వాళ్లు అంకుల్ అంటారు, మలయాళీలు సార్ అంటారు. నేను పెదనాన్న అంటాను. ఆ మాటకు అర్థం అడిగి, చెప్పాక, బిగ్ ఫాదరా, అది ఇంకా డేంజర్ కదమ్మా అని నవ్వారు.

మా ఆయన ప్రకాశానికి ఆ పేరు ఎప్పటికీ నోరు తిరగదు. కులం గారు అంటాడు. మా గుంటూరు వైపు గుడికి వెళ్లినా ఎవరో ఒకరు కులం అడిగేవాళ్లు, ఇక్కడ కులమే వచ్చి పూజ చెబుతోంది అని నేను ఏడిపిస్తుంటాను. ఏడిపించేదాన్ని. మార్చికి ముందు.

సాయంత్రం కాసేపు నడిచాను.

6 సెప్టెంబరు

మెటర్నిటీ లీవు అయిపోయాక వేరే వార్డు కావాలా అని ఇన్‌ఛార్జ్ అడిగింది. వద్దన్నాను. లేబర్ వార్డులోనే నర్సుగా ఉన్నాను. అందరూ నన్ను మహా ధైర్యవంతురాలు అనుకుంటున్నారు. నా బిడ్డ ఏడవలేదు. ఆ లెక్కన ఈ వార్డులో వినిపించే ఏ ఏడుపూ దానిది కాదు. అది నాకు తెలుసు. అయినా ప్రతి ఏడుపుకీ తల అటు తిరుగుతుంది.

ఇదే వార్డులో, ఆ చివరి బెడ్డు మీద, మార్చి 14న. రంజాన్ నెల. బిడ్డ కాలికి కట్టిన ట్యాగు మీద "బేబీ ఆఫ్ లూర్ధు" అని రాసింది నా స్నేహితురాలే. ఇఫ్తార్ వేళకు, రోడ్ల మీద పురుగు లేని టైములో, ప్రకాశం, వాళ్ల కంపెనీలో కాగితాల పనులు చూసే మందూబ్, ఇద్దరూ కలిసి తీసుకెళ్లారు. నాకు డ్రిప్ ఎక్కుతోంది. ప్రకాశం తిరిగొచ్చి చేతులు కడుక్కుని కుర్చీలోనే నిద్రపోయాడు. ఎక్కడ పెట్టారు అంటే మంచి చోటే అన్నాడు. అప్పటినుంచి ఎప్పుడు అడిగినా అదే జవాబు. మంచి చోటే.

సాయంత్రం నడిచాను.

9 సెప్టెంబరు

అమ్మ ఫోన్ చేసింది. బిడ్డ కోసం ఒక పూజ చెప్పించుకుంటానని అన్నాను. మా అమ్మ రోజూ జపమాల చెప్పే మనిషి, సంతోషిస్తుందనుకున్నాను. గయ్యిమంది. జ్ఞానస్నానం లేని బిడ్డకు పేరుండదు, పేరు లేనిదానికి పూజేంది, ఎవరి పేరు చదువుతారు అంది. అయితే పేరు పెడతాను అన్నాను. అమ్మ మెల్లగా అంది.

"దాని నూరేళ్లూ కడుపులోనే నిండిపోయినయ్యే. ఇప్పుడు పేరు పెట్టబాకు. పేరు పెట్టి పిలిస్తే ఇంక నిన్నొదలదు."

ఇప్పుడు మాత్రం వదిలిందా.

13 సెప్టెంబరు, శుక్రవారం

ఇవాళ్టి బర్త్‌డే ఎవరిదో తెలుసా. పెదనాన్న తరఫుది. ఇక్కడ ఇరవై ఏళ్లుగా అందరి చచ్చిపోయినవాళ్ల పేర్లూ చదివిన మనిషి తన వాళ్ల పేరు ఒక్కటీ ఎన్నడూ ఇవ్వలేదట. మొన్న ఫోన్ చేసి, నోరా అని రాయించమ్మా అన్నారు. అంతే, వివరం లేదు. నాకు కుతూహలం ఆగలేదు. వయసులో ఉన్నప్పటి కథ ఏమైనా ఉందేమో అనుకున్నాను, దేవుడు నన్ను క్షమించాలి.

బేకరీ జావీద్‌కు పేరు చెప్పి వచ్చాను. తీరా డబ్బా తెరిస్తే "నూరా" అని ఉంది. జావీద్ హైదరాబాద్ మనిషి, సౌదీ పిల్ల అనుకుని ఇక్కడి పద్ధతిలో రాసేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పెదనాన్న మాత్రం కేకు వైపు చాలాసేపు చూశారు. నూర్ అంటే వెలుగు, ఈ అబ్బాయి మా ఊరి ఫాదర్ కంటే నయం అన్నారు.

పూజ అయ్యాక అందరూ వెళ్లిపోయారు, నేను కప్పులు కడుగుతున్నాను. అప్పుడు చెప్పారు. నోరా ఆయన చెల్లెలు. ఆయనకు ఆరేళ్లప్పుడు పుట్టింది, ఊపిరి తీసుకోలేదు. ఊరి గురువు వచ్చి, జ్ఞానస్నానం పొందలేదు కనుక గుడి ఆవరణలో చోటు లేదన్నాడు. ఆ రోజుల్లో అక్కడ అట్లాంటి పిల్లల్ని ఊరికి దూరంగా, చెరువు పక్కన బీడు పొలాల్లో ఏదో మూల పెట్టేవాళ్లట. రాయి ఉండదు, గుర్తు ఉండదు. వాళ్ల నాన్న కోటు కింద ఒక పెట్టె పెట్టుకుని మునిమాపు వేళ వెళ్లాడు, వచ్చాడు. ఎక్కడ అని వాళ్లమ్మ అడిగితే చెప్పలేదు. చచ్చేదాకా చెప్పలేదు.

ఆమె ప్రతి సాయంత్రం నల్ల కోటు వేసుకుని, తల వంచుకుని, నేల చూసుకుంటూ ఆ పొలాల వెంబడి నడిచేది. అన్నానికి పిలుచుకురావడం ఈయన పని. ఒకసారి అట్లా పిలవబోతే వంగి చెవిలో ఆ పేరు చెప్పిందట. ఆయనకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. పద్దెనిమిదేళ్లకు సెమినరీకి వెళ్లిపోయారు. దేవుడు పిలిచాడని అందరూ అనుకున్నారు, నిజానికి అమ్మను పిలవడానికి పోవడం నావల్ల కాక పోయాను అన్నారు. తర్వాత ఆఫ్రికా, తర్వాత ఇక్కడ. ఆమె పోయినప్పుడు ఈయన ఆఫ్రికాలో ఉన్నారు. టికెట్ కొని, ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్లి, తిరిగి వచ్చేశారట.

కప్పులు రెండుసార్లు కడిగాను.

20 సెప్టెంబరు

భయంగా ఉంది. కేకు కోసం వెళ్తే జావీద్ చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి అడిగాడు.

"మేడం, వారంవారం పేరు రాయిస్తరు. ఎన్నో బర్త్‌డేనో ఎన్నడు చెప్పరు. క్యాండిల్ సుత అడగరు. ఎందుకట్ల?"

ఇన్నేళ్లలో మాలో ఒక్కరికీ తట్టలేదు. పోయినవాళ్ల వయసు ఎవరు లెక్కపెడతారు? వాళ్ల వయసు ఆగిపోయింది కదా. పైగా క్యాండిళ్లు మాకు పూజ బల్ల మీదే ఉంటాయి, కేకు మీద పెట్టాలని గుర్తే రాలేదు. అబద్ధపు పార్టీలో కూడా మేం పూజ పద్ధతే పాటించాం. చిన్నపిల్లలు మేడం, క్యాండిల్ అంటే భయం అని ఏదో వాగి బయటపడ్డాను. చిన్నపిల్లల పేర్లు వర్గీస్, తెరెసిటా, ఆంథనీ!

పెదనాన్నకు చెప్పాను. మెసేజ్ పెట్టారు: బర్త్‌డేస్ పోస్ట్‌పోన్డ్.

27 సెప్టెంబరు

బర్త్‌డే లేదు.

పెదనాన్నకు మందులు ఇవ్వడానికి వెళ్లాను. బీపీ ఎక్కువగా ఉంది. మనిషి నీరసించారు. నన్ను కూర్చోమని, నీకు నర్సుగా ఒక సంగతి చెబుతాను, నవ్వకు అన్నారు. విల్లా పైగది కిటికీలోంచి చూస్తే కాంపౌండ్ గోడ అవతల ఇసుక బీడు ఒకటి కనిపిస్తుంది. ఈ వేసవి మొదటినుంచీ సాయంత్రం వేళల్లో అక్కడ ఒక ఆడమనిషి నడుస్తోందట. నల్ల బట్టలు. తల వంచి నేల చూసుకుంటూ నడుస్తుంది, ఆగుతుంది, కాలితో ఇసుక కదిలిస్తుంది, మళ్లీ నడుస్తుంది. ఆ నడక నాకు తెలుసు అన్నారు. ఎయిర్‌పోర్ట్ నుంచి వెనక్కి వచ్చేశాను కదా, ఇప్పుడు ఆమే వచ్చింది అన్నారు.

ఎండకు కళ్లు చెదురుతాయి, నీళ్లు బాగా తాగండి అన్నాను. నర్సులు అనే మాటే. ఆ కిటికీ దగ్గరికి వెళ్లి చూడలేకపోయాను.

సాయంత్రం నడిచాను. చీకటి పడేలోపే వచ్చేశాను.

11 అక్టోబరు

బ్రెడ్డు కొనడానికన్నట్టు వెళ్లి, కావాలనే ఒక క్యాండిళ్ల ప్యాకెట్ కూడా అడిగాను. జావీద్ ప్యాకెట్ ఇవ్వలేదు. బ్రెడ్డు మాత్రం కవర్లో పెడుతూ అన్నాడు.

"ఫికర్ జేయకుండ్రి మేడం. మా అబ్బా పోయినప్పుడు నేను ఈడ్నే ఓవెన్ ముందట ఉంటి. మీకు పేరు రాసుకునెటందుకు కేకన్న ఉంది. మంచిగనే ఉంది."

ఎంతకాలంగా తెలుసో అడగలేదు. ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను. బస్సులో పక్క సీటు ఆవిడ టిష్యూ ఇచ్చింది.

18 అక్టోబరు, శుక్రవారం

బర్త్‌డేలు మళ్లీ మొదలు. కానీ ఎన్నాళ్లో కాదు. పెదనాన్న కాంట్రాక్ట్ రెన్యూ చేయలేదు, వయసు దాటిందన్నారట. ఇక తిరిగి రావడానికి లేకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టేశారు. నవంబరు మొదటి వారంలో ప్రయాణం. ఆయన తర్వాత ఎవరు వస్తారో, అసలు వస్తారో రారో ఎవరికీ తెలియదు. ఫిలిప్పీన్స్ వాళ్లు బావురుమన్నారు. ఆయనేమో తనకు ఊరు వెళ్లడం అంటేనే భయం అన్నారు. అక్కడ అన్న కొడుకు ఒకడు ఉన్నాడు, పొలం వాడిదే, ఆ పొలాలు అట్లాగే ఉన్నాయట.

అందరూ వెళ్లాక నన్ను ఉండమన్నారు. ఆమె మళ్లీ కనబడింది అన్నారు. నిన్న ఇంకా దగ్గరగా, గోడ వారనే నడిచింది. ఒక్కటి మాత్రం అర్థం కావడం లేదమ్మా, మా అమ్మ ఎప్పుడూ నల్ల బూట్లు వేసేది, ఈమె కాళ్లకు తెల్ల బూట్లు అన్నారు.

నేను కింద నా కాళ్ల వైపు చూసుకున్నాను. డ్యూటీ బూట్లు. తెల్లవి. యూనిఫాం మీద ఒళ్లంతా కప్పే నల్ల అబాయా. హాస్పిటల్ బస్సు దిగి మా ఫ్లాటుకు పోవాలంటే ఆ బీడు పక్కనుంచే పోవాలి.

"అది నేనే, పెదనాన్నా."

నడిచాను, నడిచాను అని రాస్తూనే ఉన్నాను. ఎక్కడ నడుస్తున్నానో రాయలేదు. నిజంగా నా బిడ్డ ఆ చోట ఉందని నమ్మానా? లేదు. ఇక్కడ మనవాళ్లను ఊరి బయటే పెడతారన్నది ఒక్కటే నాకు తెలుసు. ఆ బీడులో ఊరు అయిపోయినట్టు ఉంటుంది. అక్కడికి రాగానే కాళ్లు పక్కకు తిరిగేవి. అక్కడక్కడా ఇసుక కొంచెం ఎత్తుగా ఉంటే ఆగేదాన్ని.

పెదనాన్న నన్ను చూసి భయపడ్డారు. నాకు స్పష్టంగా కనబడింది, ఆ ముసలాయన ముఖంలో భయం. కాసేపటికి, దేని కోసం వెతుకుతున్నావు అని అడిగారు. బిడ్డ పోయిందని ఆయనకు తెలుసు, ఎక్కడ పెట్టారో నాకు తెలియదన్నది తెలియదు. ప్రకాశం చెప్పడం లేదని చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తూనే ఉన్నారు. నీ బిడ్డకు పూజ చెబుతాను, జ్ఞానస్నానం లేకపోతే చోటు లేదని మా అమ్మతో చెప్పిన గురువు తప్పు చెప్పాడు, సకల మృతుల దినానికి ముందు వచ్చే శుక్రవారం, అదే నా చివరి పూజ, అదే నీ బిడ్డది అన్నారు. పేరు ఆలోచించుకుని రా అన్నారు. ప్రకాశాన్ని కూడా తీసుకురా అన్నారు.

25 అక్టోబరు

పేరు రావడం లేదు. కడుపుతో ఉన్నప్పుడు ఎన్ని అనుకున్నానో. ఇప్పుడు ఏది నోటి దాకా తెచ్చుకున్నా అమ్మ మాట గుర్తొస్తుంది. పిలిస్తే వదలదు. వదలకూడదనే కదా నా కోరిక కూడా. మరి ఎందుకు భయం?

ప్రకాశాన్ని అడిగాను. పేరు నువ్వే చెప్పు అన్నాను. కంపెనీలో షట్‌డౌన్ పని ఉంది, శుక్రవారం రావడం కుదరకపోవచ్చు అన్నాడు. నువ్వు రాకపోతే నేను ఈ ఇంట్లో ఉండను అన్నాను. అట్లాంటి మాట ఎప్పుడూ అనలేదు. అతను అన్నం ముందు నుంచి లేచి చేయి కడుక్కున్నాడు. మార్చిలో కడుక్కున్నట్టే, మోచేతుల దాకా.

31 అక్టోబరు

జావీద్ పేరు అడిగాడు. తెలియదన్నాను. సరే, జాగా వదులుతా అన్నాడు.

1 నవంబరు, శుక్రవారం

వరసగా రాయాలి.

ప్రకాశం వచ్చాడు. వెనక, తలుపు పక్కన నిలబడ్డాడు. విల్లా నిండిపోయింది. గోడల మీద పటాలు లేవు, సూట్‌కేసులు సర్దేశారు. టేబుల్ మీద కేకు. "హ్యాపీ బర్త్‌డే" అని పైన, కింద ఖాళీ.

పూజలో పోయినవాళ్ల కోసం ప్రార్థించే చోటుకు వచ్చారు. అక్కడ పేరు చదవాలి. పెదనాన్న ఆగి నా వైపు చూశారు. తొందరేమీ లేదన్నట్టు చేతులు చాచి అట్లాగే నిలబడ్డారు. నేను నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. పక్కన మిని నా చేయి పట్టుకుంది.

అప్పుడు వెనకనుంచి ప్రకాశం గొంతు.

"నేను బండి దిగలేదు."

తెలుగులో అన్నాడు. ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. పూజ మధ్యలో ఎవరూ అట్లా మాట్లాడరు, అందరూ వెనక్కి తిరిగారు. అతను ఆపలేదు. ఒడిలో పెట్టె పెట్టుకుని వెళ్లాడట. శ్మశానం గేటు దాకా వెళ్లాక కాళ్లు రాలేదట. మందూబ్ వచ్చి పెట్టె తీసుకుని లోపలికి పోయాడు. ఇతను బండిలోనే కూర్చుని ముందు అద్దం వైపు చూస్తూ ఉన్నాడు. మందూబ్ వచ్చి అయిపోయింది అన్నాడు. ఎక్కడ అని ఇతను అడగలేదు. వేసవిలో అడుగుదామనుకునేసరికి మందూబ్ ఈజిప్టు వెళ్లిపోయాడు.

"మంచి చోటో కాదో నాకు తెలీదు లూర్ధూ. నాకేం తెలీదు. తెలిస్తే చెప్పనా?"

ఇంతకాలం అతని దగ్గర ఏదో ఉంది, నాకు ఇవ్వడం లేదు అని కోపం పెంచుకున్నాను. అతని చేతిలో ఏమీ లేదు. నాకు ఏడుపు కూడా రాలేదు. ప్రకాశం ఏమన్నాడని పెదనాన్న అడిగితే ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో చెప్పాను. నర్సు డాక్టరుకు కేసు చెప్పినట్టు చెప్పాను.

ఆయన పూజ బల్ల అంచు పట్టుకున్నారు. పడతారేమోనని ఒక అడుగు ముందుకు వేశాను. పడలేదు. మా నాన్న కూడా గేటు దాటి ఉండడు అన్నారు. అంత మెల్లగా అన్నారు గనుక నాకు తప్ప ఎవరికీ వినిపించి ఉండదు. మా అమ్మ అనుకుంది దాచాడని, నేనూ అదే అనుకున్నాను, ఆయన ఆ పెట్టెను ఎవరి చేతికో ఇచ్చి గట్టు మీద నిలబడి ఉంటాడు అన్నారు. డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన మనిషి, వాళ్ల నాన్నను అప్పుడే మొదటిసారి చూసినట్టు ఉంది ఆ ముఖం.

తర్వాత గొంతు సవరించుకుని, నోరా కోసం, తల్లి ఇకముందు పేరు పెట్టబోయే ఈ బిడ్డ కోసం అని చదివి, పూజ పూర్తి చేశారు.

కేకు కోసి అందరికీ పంచారు. ఖాళీ ఉన్న ముక్క ఎవరూ తీసుకోలేదు. అది ఇంటికి తెచ్చాం. ఫ్రిజ్‌లో ఉంది.

4 నవంబరు

పెదనాన్న వెళ్లిపోయారు. దమ్మాం ఎయిర్‌పోర్ట్‌కు ప్రకాశమే దింపాడు. ఈసారి వెనక్కి రారు, ఎగ్జిట్ పడింది కదా, రానివ్వరు అని ఆయనే జోకు వేశారట. ఇద్దరూ దారంతా మాట్లాడుకున్నారట. ఏం మాట్లాడారో అడగలేదు.

8 నవంబరు, శుక్రవారం

ఈ వారం బర్త్‌డే లేదు. మేమిద్దరం వెళ్లాం.

ప్రకాశానికి దారి గుర్తుంది. గోడ, ఇనుప గేటు, బంగ్లాదేశీ కాపలాదారు. ఆడవాళ్లు లోపలికి పోకూడదన్నాడు. బతిమాలదామనుకున్నాను, కానీ ప్రకాశం వైపు చూసి ఊరుకున్నాను. ఈసారి బండిలో కూర్చున్నది నేను. అతను దిగాడు. గేటు దగ్గర కాసేపు ఆగాడు. లోపలికి వెళ్లాడు.

చాలాసేపటికి వచ్చాడు. ఒక మూల చిన్న చిన్న మట్టి దిబ్బలు వరసగా ఉన్నాయట, తలకొక రాయి, ఏ రాయి మీదా ఏమీ లేదట. ఏది మనది అన్నాను. తెలీదన్నాడు. అన్నిటి దగ్గరా నిలబడి వచ్చానన్నాడు. బూట్ల నిండా ఇసుక. ఇంటికి వచ్చాక ఆ బూట్లు దులపవద్దన్నాను. తలుపు దగ్గరే అట్లాగే ఉన్నాయి.

బీడు పక్కన ఇవాళ నడవలేదు.

12 జనవరి 2025

పెదనాన్న ఫోటో పంపారు. పచ్చటి పొలం, వాన, రాతి గట్టు, దూరంగా చెరువు. కింద ఇంగ్లిష్‌లో రెండే ముక్కలు. రోజూ నడుస్తున్నారట. అన్న కొడుకు అన్నానికి పిలవడానికి వస్తున్నాడట.

23 ఫిబ్రవరి

ఫాదర్ లేరు.

అన్న కొడుకు మెసేజ్ పెట్టాడు. సాయంత్రం పిలవడానికి వెళ్తే గట్టు పక్కన పడి ఉన్నారట. గుండె. కళ్లద్దాలు మడిచి జేబులో పెట్టుకుని ఉన్నారట. గుడి ఆవరణలో గురువుల వరసలో పూడ్చారు. అక్కడ ఆయనకు చోటు ఉంది కదా.

నోరా ఎవరు అని అతను నన్ను అడిగాడు. ఆమె సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదట. చివరి వారం ఆయన పొలంలో ఆ పేరు పెట్టి గట్టిగా పిలవడం విన్నాడట. ఉన్నదంతా రాసి పంపాను. ఇప్పుడు ఈ భూమ్మీద ఆ పేరు ఎవరిదో తెలిసినవాళ్లం అతను, నేను.

14 మార్చి 2025, శుక్రవారం

మళ్లీ రంజాన్. ఇఫ్తార్ అయ్యాకే బేకరీ తీశారు. ప్రకాశం కూడా వచ్చాడు.

జావీద్ పేరు అడిగాడు. నూరా అన్నాను. పోయినసారి లాగే రాయమన్నాను. మొదటిసారి గట్టిగా పలికాను, ఏమీ కాలేదు.

ఎన్నేళ్లు మేడం అన్నాడు. ఒకటి అనబోయాను. నూరు అన్నాను.

జావీద్‌కు తెలుగు వచ్చు. తల ఎత్తకుండా 100 అని రాశాడు. డబ్బా కట్టి, పైన ఒకే ఒక్క క్యాండిల్ పెట్టి ఇచ్చాడు.